డ్రాగపుల్ట్ డెక్కుకు 5,100 రూపాయలు: తిరుపతి నుంచి ఒక పోకేమాన్ కొనుగోలు సమీక్ష

పోకేమాన్ కార్డుల ఆటలో పోటీకి నిలబడగలిగిన డెక్కు, అంటే ఆడటానికి పేర్చుకునే కార్డుల కట్ట, ఒకటి కట్టడానికి ఎంత ఖర్చవుతుందని అడిగితే, మా ఇంటి లెక్క ప్రకారం 5,100 రూపాయలని చెప్పగలను. ఈ లెక్క 2025 వేసవిలో మొదలై ఆగస్టులో ముగిసింది. తిరుపతి భవానీనగర్‌లో ఉండే మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాడికోసం కొన్నవి, వాడితో కలిసి నేను ఆడినవి, కొని నష్టపోయినవి అన్నీ ఒక నోటుపుస్తకంలో తేదీలతో సహా రాసిపెట్టుకున్నాను. మన ఊళ్లలో ఈ ఆట మీద డబ్బు పెట్టాలనుకునే తల్లిదండ్రులకు, డిగ్రీ చదువుకునే కుర్రవాళ్లకు ఆ పుస్తకం ఉపయోగపడుతుందన్న నమ్మకంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా ఆట నియమం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఖర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది. డెక్కులో సరిగ్గా 60 కార్డులు ఉండాలి. పోకేమాన్ దెబ్బ కొట్టడానికి కావలసిన శక్తినిచ్చే బేసిక్ ఎనర్జీ కార్డులు తప్ప, ఒకే పేరున్న కార్డు నాలుగింటికి మించి ఉండకూడదు. ఆట మొదట్లో పక్కన పెట్టుకున్న ఆరు ప్రైజ్ కార్డులను ముందుగా తీసుకున్నవాడు గెలిచినట్టు. అవసరమైన కార్డు సమయానికి చేతికి రావాలంటే దాన్ని మూడో నాలుగో పెట్టుకోక తప్పదు కాబట్టి, పోటీ డెక్కు అంటే అరవై రకాల మంచి కార్డుల మూట కాదు. ఇరవై పాతిక రకాల కార్డులను ఒక్కోటి ఇన్నేసి చొప్పున లెక్కగా పేర్చిన కట్ట. దుకాణంలో కనిపించే ప్యాకెట్టు ఈ అవసరాన్ని తీర్చడానికి తయారైన వస్తువు కాదు. అందులో ఏ కార్డు వస్తుందో తెలియదు, వచ్చిన కార్డే మళ్లీ మూడుసార్లు రావాలని కోరుకునే హక్కు మనకు లేదు.

మేము మొదట చేసింది ఆ తప్పే. ఏప్రిల్, మే నెలల్లో చెన్నై వెళ్లినప్పుడల్లా ఒక్కో ప్యాకెట్టు 430 రూపాయల చొప్పున మొత్తం పన్నెండు కొన్నాము. అంటే 5,160 రూపాయలు. ఒక్కో ప్యాకెట్టులో పది ఆట కార్డులు, వాటితోపాటు ఒక ఎనర్జీ కార్డు ఉంటాయి. పన్నెండు ప్యాకెట్లూ చించాక ఒక ఆదివారం మధ్యాహ్నం హాల్లో చాప పరిచి, ఆ 120 కార్డులనూ రకాలవారీగా వరుసలు పెట్టి కూర్చున్నాము. వాడు డ్రాగపుల్ట్ ఎక్స్ అనే పోకేమాన్ ముఖ్యంగా ఉండే డెక్కు కట్టాలని అప్పటికే నిర్ణయించుకున్నాడు; దానికి కావలసిన కార్డుల జాబితా కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకున్నాడు. అరగంట వెతికి, చేతిలో ఐదు కార్డులు పట్టుకుని నా వైపు చూశాడు.

"ఇంతే ఉండాయి మామా. పాఫిన్ రెండు, బాస్ ఆర్డర్స్ రెండు, అల్ట్రా బాల్ ఒగటి. డ్రాగపుల్ట్ ఒగటి గూడా రాలేదు."

120 కార్డుల్లో ఐదు. ఆ మధ్యాహ్నం తరువాత మేము డెక్కు కోసం ప్యాకెట్టు కొనలేదు. ప్యాకెట్టు చించడంలో పిల్లలకు కలిగే ఆనందం నిజమైనదే, పుట్టినరోజుకు రెండు ప్యాకెట్లు ఇవ్వడంలో తప్పేమీ లేదు. కాని పోటీ డెక్కు కట్టాలన్న ఉద్దేశంతో వాటిని కొనడం మాత్రం డబ్బును బూడిదలో పోయడమే.

తరువాత మేము ఎంచుకున్న దారి సింగిల్స్, అంటే కావలసిన కార్డును పేరు చెప్పి విడిగా కొనుక్కోవడం. దేశంలోని పెద్ద నగరాల్లో ఈ విధంగా విడి కార్డులు అమ్మేవారు ఉన్నారు. జాబితా పంపితే ధర చెప్పి, డబ్బు అందగానే కొరియర్‌లో పంపిస్తారు. మేము రెండు విడతలుగా తెప్పించుకున్నాము. రెండుసార్లూ కార్డులను ముందు మెత్తని స్లీవ్‌లో, అంటే ప్లాస్టిక్ తొడుగులో, తరువాత రెండు అట్టముక్కల మధ్య పెట్టి, నాలుగు వైపులా టేపు చుట్టి, బుడగల కవరులో పెట్టి పంపారు. మూలలు నలగకుండా వచ్చాయి.

బిల్లు ఇలా ఉంది. డ్రాగపుల్ట్ ఎక్స్ మూడు, ఒక్కోటి 350 చొప్పున 1,050 రూపాయలు. దాని ముందరి రూపమైన డ్రాక్లోక్ నాలుగు 240, అంతకు ముందరి రూపమైన డ్రీపీ నాలుగు 120. ఫెజాండిపిటి ఎక్స్ ఒక్కటే, కాని అది 450. లాటియాస్ ఎక్స్ ఒకటి 400. బడ్యూ రెండు 180. డస్కల్, డస్క్‌లాప్స్, డస్క్‌నాయర్ వరుసకు చెందిన నాలుగు కార్డులు కలిపి 260. డెక్కు మొత్తానికి ఒక్కటే అనుమతించే ఏస్ స్పెక్ రకంలో అన్‌ఫెయిర్ స్టాంప్ 300. ఇక్కడికి 3,000. ఆటలో సహాయపడే మిగతా ట్రైనర్ కార్డుల్లో ఇంట్లో ఉన్న ఐదు పోగా 27 కొనవలసి వచ్చింది. అవన్నీ కలిపి 1,020. ఎనర్జీ కార్డులు చాలామటుకు ప్యాకెట్లలో వచ్చినవే సరిపోయాయి, తక్కువ పడ్డవాటికి 30. కొరియర్ రెండుసార్లకు 240, స్లీవ్‌లకు 560, డెక్కు పెట్టుకునే డబ్బాకు 250. మొత్తం 5,100.

పన్నెండు ప్యాకెట్లకు పెట్టినదానికన్నా 60 రూపాయలు తక్కువకే, పోటీలో ఎవరి ముందైనా పరిచి ఆడగలిగిన పూర్తి డెక్కు చేతికి వచ్చింది.

ఈ బిల్లులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది డ్రాక్లోక్ ధర. డెక్కుకు పేరు తెచ్చేది డ్రాగపుల్ట్ ఎక్స్. దానికి 320 హెచ్‌పి, అంటే ప్రాణబలం. ఒక ఫైర్, ఒక సైకిక్ ఎనర్జీ పెడితే ఫాంటమ్ డైవ్ అనే దెబ్బతో ఎదుటి పోకేమాన్‌కు 200 నష్టం చేసి, వెనుక బెంచి మీద ఉన్నవాటి మీద నష్టాన్ని సూచించే ఆరు డ్యామేజ్ కౌంటర్లను మనకు నచ్చినట్టు పంచవచ్చు. చూసేవారి కళ్లన్నీ దాని మీదే ఉంటాయి. అయితే ఆ కార్డును, దానికి కావలసిన ఎనర్జీని చేతికి తెచ్చిపెట్టేది డ్రాక్లోక్. దాని శక్తి వల్ల ప్రతి వంతులోనూ డెక్కు పైనున్న రెండు కార్డులు చూసి, ఒకటి చేతిలోకి తీసుకుని, రెండోది అడుగుకు పంపవచ్చు. ఆట మీద రెండు మూడు డ్రాక్లోక్‌లు నిలబడితే ఒక్క వంతులోనే రెండు మూడుసార్లు అలా ఏరుకోవచ్చు. ఈ డెక్కుకు ఊపిరి పోసేది 60 రూపాయల కార్డే. డబ్బు తక్కువై ఎక్కడ కోత పెట్టాలా అని చూసేవారు ఖరీదైన కార్డుల్లోనే కోత పెట్టాలి; డ్రాక్లోక్ నాలుగూ ఉండి తీరాలి.

నిజానికి మేము కూడా మొదటి విడతలో ఫెజాండిపిటి, లాటియాస్ తెప్పించుకోలేదు. నెల రోజులు అవి లేకుండానే ఆడాడు. లాటియాస్ లేని లోటు పెద్దగా తెలియలేదు. అది ఉంటే మన బేసిక్ పోకేమాన్‌లన్నీ ఖర్చు లేకుండా వెనక్కి రాగలుగుతాయి, ఆ సౌకర్యం బాగుంటుంది, అంతే. ఫెజాండిపిటి లేకపోవడం మాత్రం ప్రతి ఆటలోనూ నొప్పి పుట్టించింది. ఎదుటివాడు మన పోకేమాన్‌ను పడగొట్టిన మరుసటి వంతులో మూడు కార్డులు తీసుకునే అవకాశం అది ఇస్తుంది. ఎదుటివాడు ఐయోనో అనే కార్డు ఆడడంతో మన చేతిలో రెండే కార్డులు మిగిలినప్పుడు, ఆ మూడు కార్డులకు ఎంత విలువ ఉంటుందో ఓడిపోయినవాడికే తెలుస్తుంది. 450 రూపాయలు ఒక్క కార్డుకా అని మొదట వెనుకాడిన నేనే, రెండో విడతలో ముందుగా దాని పేరు రాశాను.

ఈ ఆటలో పోటీ కార్డులు ఇంత అందుబాటులో ఉండటానికి కారణం తెలుసుకోవడం అవసరం. ఒకే కార్డును కంపెనీ రెండు మూడు రకాల అలంకరణలతో అచ్చు వేస్తుంది. ఇందాక చెప్పిన ఐయోనోనే తీసుకుందాం. పాల్డియా ఎవాల్వ్‌డ్ సెట్టులో, అంటే ఆ పేరుతో ఒకేసారి విడుదలైన కార్డుల వరుసలో, అది మామూలు అన్‌కామన్ కార్డుగానూ వచ్చింది, ప్రత్యేక చిత్రంతో మెరిసే అరుదైన కార్డుగానూ వచ్చింది. రెండింటి మీదా రాసిన వాక్యాలు ఒకటే, ఆటలో రెండూ చేసే పని ఒకటే. మామూలుది మాకు 50 రూపాయలకు దొరికింది. మెరిసేదాని ధర దానికి ఎన్నో రెట్లు. సేకరించేవారు ఆ మెరిసే కార్డు కోసం పెట్టెలకు పెట్టెలే చించుతారు, చించినప్పుడల్లా మామూలు కార్డులు కుప్పలుగా బయటపడతాయి, వాటిని ఏదో ఒక ధరకు వదిలించుకోవాలి కాబట్టి ఆడేవాడికి చవకగా దొరుకుతాయి. సేకరణ మోజు పెట్టే ఖర్చు మీదనే ఆడేవాడి డెక్కు నిలబడి ఉంది. అందువల్ల కొనేవారికి నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది: ప్రతి కార్డునూ అన్నిటికన్నా తక్కువ ధర రకంలోనే అడగండి. అమ్మేవారికి జాబితా పంపేటప్పుడు సెట్టు పేరు, కార్డు నంబరు కూడా రాస్తే పొరపాటుకు తావుండదు.

ఇతర కార్డుల ఆటల్లో పరిస్థితి ఇలా లేదు. 1993లో మొదలైన మ్యాజిక్: ది గ్యాదరింగ్‌లో పోటీ డెక్కులకు కొన్ని వందల డాలర్లు పెట్టడం మామూలు విషయం, ఎందుకంటే అక్కడ ఆటకు తప్పనిసరి అయిన కార్డులే అరుదుగా అచ్చవుతాయి, పాత కార్డుల్లో కొన్నిటిని మళ్లీ అచ్చువేయబోమని ఆ కంపెనీ 1996లోనే మాట ఇచ్చింది. యు-గి-ఓ అనే ఆటలో అసలు డెక్కుకు తోడు పదిహేను కార్డుల దాకా ఎక్స్‌ట్రా డెక్కు, మరో పదిహేను కార్డుల దాకా సైడ్ డెక్కు కూడా పోటీకి సాధారణంగా నింపుకుంటారు. ఖర్చు ఒక్కటే చూసి ఆటను ఎంచుకునేవారికి పోకేమానే సరైనదని నా అభిప్రాయం.

సింగిల్స్ దారిలో మేము దెబ్బ తిన్న సంగతి కూడా రాయాలి. జూన్‌లో సామాజిక మాధ్యమంలో పరిచయమైన ఒక అమ్మకందారు మిగతావారికన్నా సగం ధరకే ఇస్తానంటే, 900 రూపాయలు పంపి పదకొండు కార్డులు తెప్పించాను. కవరు విప్పగానే పిల్లవాడు ఒక కార్డును బొటనవేలితో అటూ ఇటూ వంచి చూసి, ఇవి మెత్తగా ఉన్నాయన్నాడు. వెనుకవైపు నీలం రంగు కొంచెం ఊదా వైపు తిరిగి ఉంది. పోకేమాన్ అనే ఇంగ్లీషు పేరులో ఇ అక్షరం నెత్తిన ఉండవలసిన చిన్న గీత రెండు కార్డుల మీద లేనే లేదు. చివరికి రాత్రి లైట్లు ఆపి, ఫోను టార్చి మీద మా పాత అల్ట్రా బాల్‌ను ఒకసారి, కొత్తగా వచ్చినదాన్ని ఒకసారి పెట్టి చూశాము. అసలైన కార్డుకు రెండు కాగితపు పొరల మధ్య ముదురు రంగు పొర ఒకటి ఉంటుంది, అందుకే వెలుగు దానిలోంచి అంతగా రాదు. కొత్త కార్డు మాత్రం దీపం ముందు పెట్టిన పలుచని కాగితంలా వెలిగిపోయింది. పదకొండూ నకిలీవే. ఆ మనిషి ఆ తరువాత నా ఫోను ఎత్తలేదు. 900 రూపాయలు దండగ కావడం కన్నా, పిల్లవాడు రెండు రోజులు ముఖం ముడుచుకుని కూర్చోవడం నన్ను బాధపెట్టింది. ఆ డబ్బు 5,100 లెక్కలో కలపలేదు.

మన ఊళ్ల బొమ్మల దుకాణాల్లోనూ, తిరునాళ్లలోనూ బంగారు రంగు పూసిన పోకేమాన్ కార్డులు కట్టలుగా అమ్ముతుంటారు. అసలు కార్డుల్లోనూ బంగారు రంగు అచ్చు ఉన్నవి ఉన్నాయి కాని, కట్టలోని కార్డులన్నీ బంగారు రంగులోనే వస్తే అవి నకిలీవని నిస్సందేహంగా అనుకోవచ్చు. చిన్నపిల్లలు ఇంట్లో ఆడుకోవడానికి అవి చాలు. పోటీకి మాత్రం వాటిని తీసుకుపోతే బల్ల దగ్గరికి కూడా రానివ్వరు.

సింగిల్స్ వెతికే ఓపిక లేనివారికి లీగ్ బ్యాటిల్ డెక్ అనే తయారు పెట్టె ఉంది. చిత్తూరులో ఉండే నా మిత్రుడు వాళ్లబ్బాయికి చారిజార్డ్ ఎక్స్ పేరు మీద వచ్చిన పెట్టెను 3,200 రూపాయలకు కొన్నాడు. విప్పిన పది నిమిషాల్లో ఆడటం మొదలుపెట్టవచ్చు; అరవై కార్డులూ ఉంటాయి, డెక్కు పెట్టుకునే డబ్బా ఉంటుంది, ఎలా ఆడాలో చెప్పే కాగితం ఉంటుంది. ఆ డెక్కుతో మా డెక్కు పదిహేను ఆటలు ఆడింది, పిల్లలిద్దరూ దాదాపు సమానంగానే గెలిచారు. ఆట నేర్చుకుని నేరుగా పోటీ స్థాయికి దగ్గరగా రావాలనుకునేవారికి ఈ రకం పెట్టెకు మించిన కొనుగోలు లేదు. నా దృష్టిలో దానికి ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇవ్వవచ్చు. ఒక నక్షత్రం తగ్గించడానికి కారణం పెట్టెలో లేదు, కాలంలో ఉంది.

ఆ కాలం సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా కొనేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఇప్పటి కార్డుల అడుగున ఎడమవైపు మూలలో చిన్న గడిలో ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. స్టాండర్డ్ పద్ధతి పోటీల్లో ఏ అక్షరాలు చెల్లుతాయో కంపెనీ ప్రకటిస్తుంది. ఏటా అన్నిటికన్నా పాత అక్షరాన్ని తీసేస్తుంది. 2024 ఏప్రిల్ 5న ఇ అక్షరం పోయింది, 2025 ఏప్రిల్ 11న ఎఫ్ పోయింది. 2024లో చారిజార్డ్ ఆడినవారు మోజుపడి కొనుక్కున్న రేడియంట్ చారిజార్డ్, లూమినియన్ వి, ఫారెస్ట్ సీల్ స్టోన్ అన్నీ ఎఫ్ అక్షరంవే కాబట్టి, ఒక్క రోజుతో అవి పోటీకి పనికిరాకుండా పోయాయి. చారిజార్డ్ ఎక్స్ మీద ఉన్నది జి, అంటే మేము కొన్న 2025లో చూస్తే తరువాతి వంతు దానిదే. నా మిత్రుడికి ఈ సంగతి పెట్టె కొన్నాక తెలిసింది. 3,200 రూపాయల వస్తువుకు ఇంత చిన్న ఆయుష్షు ఉందని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయకపోవడం కొనేవారికి అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మేము డ్రాగపుల్ట్‌ను ఎంచుకోవడం వెనుక పిల్లవాడి ఇష్టంతోపాటు ఈ లెక్క కూడా ఉంది. 2024 మే నెలలో ట్వైలైట్ మాస్కరేడ్ సెట్టుతో వచ్చిన డ్రాగపుల్ట్ ఎక్స్, డ్రాక్లోక్, డ్రీపీ మూడింటి మీదా ఉన్నది హెచ్. ఫెజాండిపిటి, బడ్యూ, లాటియాస్, అన్‌ఫెయిర్ స్టాంప్ కూడా హెచ్ అక్షరంవే. జి పోయిన రోజున మా డెక్కులోంచి ఐయోనో లాంటి చవక ట్రైనర్ కార్డులు కొన్ని పోతాయి, 3,000 రూపాయల ముఖ్య భాగం అలాగే మిగులుతుంది అన్నది కొన్నప్పటి మా లెక్క. పాత కార్డునే కొత్త అక్షరంతో మళ్లీ అచ్చువేస్తే మన దగ్గరున్న పాత అచ్చు కూడా చెల్లుతుందన్నది ఇంకొక వెసులుబాటు. అల్ట్రా బాల్, రేర్ క్యాండీ వంటివి అలా ఎన్నోసార్లు తిరిగివచ్చాయి, కాబట్టి వాటిని పారేయకూడదు. ఏ డెక్కు కొనబోయినా, ఖరీదైన కార్డుల మూలలో ఏ అక్షరం ఉందో చూడకుండా డబ్బు తీయవద్దు. వెళ్లిపోబోయే అక్షరం ఉన్న డెక్కును జనవరి, ఫిబ్రవరి నెలల్లో అస్సలు కొనవద్దు.

పెట్టెల గురించి మరొక జాగ్రత్త. ప్రపంచ పోటీల్లో గెలిచినవారి డెక్కులను వరల్డ్ చాంపియన్‌షిప్ డెక్ పేరుతో కంపెనీయే అచ్చువేసి అమ్ముతుంది. వాటి వెనుకవైపు బొమ్మ వేరుగా ఉంటుంది, అధికారిక పోటీల్లో వాటిని ఆడనివ్వరు. ఆట నేర్చుకోవడానికి అవి మంచివే, కాని పోటీ కోసమని కొంటే డబ్బు వృథా.

కొనకముందే డెక్కును పరీక్షించుకోవడానికి రెండు మార్గాలు మాకు బాగా ఉపయోగపడ్డాయి. ఒకటి పోకేమాన్ టీసీజీ లైవ్. ఫోనులోనూ కంప్యూటరులోనూ ఉచితంగా ఆడవచ్చు, నియమాలన్నీ అదే చూసుకుంటుంది. రెండోది ఇంకా సులభం. కార్డుల బొమ్మలను కార్డు కొలతకు తగ్గించి, యూనివర్సిటీ దగ్గరి జిరాక్స్ షాపులో నలుపు తెలుపులో తీయించి, కత్తిరించి, పాత కార్డుల మీద పెట్టి స్లీవ్‌లలో దూర్చాము. మొత్తం నలభై రూపాయలు కూడా కాలేదు. ఆ కాగితం డెక్కుతో మూడు వారాలు ఆడాకే, మొదట జాబితాలో రాసుకున్న ఆరు కార్డులు అనవసరమని తేలి వాటిని తీసేశాము. ఇంట్లో అభ్యాసానికి ఇది ఎవరూ తప్పుపట్టని పద్ధతి. అధికారిక పోటీకి మాత్రం అసలు కార్డులే కావాలి.

స్లీవ్‌ల విషయంలో నేను చేసిన పొరపాటు ఇంకొకరు చేయకూడదని చెబుతున్నాను. పోకేమాన్ కార్డు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 పొడవు ఉంటుంది. దానికి 66 వెడల్పు, 91 పొడవు ఉన్న స్లీవ్‌లు కావాలి. నేను చూసుకోకుండా యు-గి-ఓ కొలతవి, అంటే 62 వెడల్పు, 89 పొడవు ఉన్నవి 380 రూపాయలు పెట్టి తెప్పించాను. కార్డు లోపలికి పోనే లేదు. కొన్న తరువాత తిరిగి తీసుకోబోమన్నారు. ఈ 380 కూడా నా దండగ ఖాతాలోనిదే. వెనుకవైపు కనబడని, ఒకే రంగు స్లీవ్‌లు 60కి మించి నాలుగైదు ఎక్కువగా ఉండేలా తీసుకోవాలి. ఒకటి చినిగితే దాని స్థానంలో అదే కట్టలోనిది వేయాలి, లేకపోతే గుర్తుపెట్టిన కార్డు కింద లెక్క వేస్తారు.

మన వాతావరణం కూడా ఖర్చులో భాగమేనని నాకు మొదట తట్టలేదు. మెరిసే కార్డుల్లో ఒక వైపు రేకు పొర, మరో వైపు కాగితం ఉంటాయి. గాలిలో తేమ మారినప్పుడు కాగితం ఉబ్బుతుంది లేదా ముడుచుకుంటుంది, రేకు కదలదు, దాంతో కార్డు వంగుతుంది. ఆగస్టులో వరుసగా నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు, కిటికీ పక్కన బల్ల మీద వదిలేసిన డ్రాగపుల్ట్ ఎక్స్ మూడూ నడుము విరిగినట్టు వంగాయి. వంగిన కార్డు డెక్కులో ఎక్కడుందో పక్కనుంచి చూసినవాడికి తెలిసిపోతుంది, పోటీలో దానికి అభ్యంతరం వస్తుంది. మా అమ్మ వాటిని చూసి, "అంత దుడ్లు పోసి కొనింది ఇట్లనా పెట్టేది?" అని మందలించి, డబ్బాను తీసుకుపోయి తన పట్టుచీరల బీరువాలో పెట్టింది. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు డబ్బాలో వేశాము. వారం రోజులకు కార్డులు చాలామటుకు సర్దుకున్నాయి. కార్తీకమాసపు వానలు మన జిల్లాలో గట్టిగానే పడతాయి కాబట్టి ఈ జాగ్రత్త అందరికీ అవసరం. మెరిసే రకం వద్దని, మామూలు రకాలనే కొనమని నేను చెప్పడానికి ఇది రెండో కారణం.

ఇక అసలు పెద్ద ఖర్చు. తిరుపతిలో మాతో ఆడేవారు నలుగురు. వాళ్లతో ఆదివారాలు ఇంట్లో ఆడుకోవడానికి పైసా ఖర్చు లేదు, కాని కొత్త డెక్కులతో, కొత్త మనుషులతో ఆడకుండా పోటీ ఆట పట్టుబడదు. దానికి చెన్నైకో బెంగళూరుకో పోవాలి. చెన్నై దగ్గర కాబట్టి మేము అక్కడికే వెళ్లాము. తెల్లవారుజామున బస్సెక్కితే పుత్తూరు, నగరి దాటి ఆట మొదలయ్యే వేళకు చేరుకోవచ్చు. ఇద్దరికీ రానుపోను బస్సు 1,120, పోటీ ప్రవేశ రుసుము 300, మధ్యాహ్న భోజనం, టిఫిను కలిపి 400. ఒక్క ప్రయాణానికి 1,820 రూపాయలు. మూడుసార్లు వెళ్లాము, 5,460 అయింది. డెక్కు మొత్తానికి పెట్టినదానికన్నా ఇది ఎక్కువ. కార్డుల ధరల గురించి వాదించుకునేవారంతా పెద్ద నగరాల్లో ఉండేవారు. వాళ్ల లెక్కలో ఈ అంకె ఉండదు. మన ఊళ్లవాళ్లు డెక్కు కొనేముందే ఏడాదికి ఎన్నిసార్లు వెళ్లగలమో అనుకుని, దాన్ని బట్టి డెక్కు మీద ఎంత పెట్టాలో నిర్ణయించుకోవాలి. ఏడాదికి ఒక్కసారే వెళ్లగలిగితే 450 రూపాయల కార్డు లేకుండానే ఆడి, ఆ డబ్బు బస్సుకు దాచుకోవడం మేలు.

మొదటిసారి వెళ్లినప్పుడు నాలుగు ఆటల్లో ఒకటే గెలిచాడు. రెండోసారి రెండు. మూడోసారి, ఆగస్టు చివరి ఆదివారం, మూడు గెలిచాడు. అందులో ఒకటి నేను వెనుక నిలబడి చూశాను. ఎదుటి కుర్రాడి డెక్కు నిండా మెరిసే కార్డులే, ఒక్కో కార్డు మా డెక్కులో సగం ఖరీదు చేసేలా ఉంది. మావాడు రెండో వంతులో బడ్యూను ముందుకు తెచ్చాడు. ముప్పై హెచ్‌పి ఉన్న ఆ చిన్న కార్డు ఎనర్జీ కూడా అక్కరలేకుండా పది నష్టం చేసి, ఎదుటివాడు తన తరువాతి వంతులో ట్రైనర్ కార్డుల్లో ఒక రకమైన ఐటెం కార్డులు ఆడకుండా కట్టిపడేస్తుంది. మూడు వంతులు అలాగే కట్టిపడేసి, ఈలోగా వెనుక బెంచి మీద రెండు డ్రాక్లోక్‌లను డ్రాగపుల్ట్‌లుగా పెంచాడు. ఆ తరువాత ఫాంటమ్ డైవ్ మొదలైంది. మేము 90 రూపాయలకు కొన్న బడ్యూ ఆట మొదటి సగాన్ని మోసింది.

ఆటలయ్యాక ఎదుటి కుర్రాడి అన్న మా దగ్గరికి వచ్చి, మార్చుకోవడానికి ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. ఆ పన్నెండు ప్యాకెట్లలో వచ్చిన చిత్రాల కార్డు ఒకటి, నిండా బొమ్మ ఉన్నది, మావాడు మూడు నెలలుగా లెక్కల నోటుపుస్తకం మధ్య పెట్టుకుని తిరుగుతున్నాడు. దాన్ని తీసి చూపించాడు. ఆ అన్నకు అది తన సేకరణలో లేనిది. బల్ల మీద ఫోనులో ధరలు సరిచూసుకుని, దానికి బదులుగా మేము తరువాతి విడతలో కొనాలనుకున్న నాలుగు కార్డులు, అన్నీ హెచ్ అక్షరంవి, ఇస్తానన్నాడు.

"ఇచ్చేదా మామా?" అని నన్ను అడిగాడు.

"నీది గదరా, నీ ఇష్టం," అన్నాను.

కొంతసేపు ఆ బొమ్మవైపు చూసి, ఇచ్చేశాడు. బస్సులో నగరి దాటేదాకా ఆ నాలుగు కార్డుల మూలలనూ, వెనుక రంగునూ ఫోను టార్చి వేసి చూస్తూనే ఉన్నాడు. నాలుగూ అసలైనవే.